ఏడిస్తే నవ్వారు, మాట లేని సీనుకు చప్పట్లే లేవు: భరతుడు మన నాటికకి పనికొస్తాడా?

గుణుపురం టీచర్

నమస్కారమండీ. మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. పదకొండేళ్ళుగా దసరాకి ఒక తెలుగు నాటిక వేయిస్తున్నాను. మా నటులు కిరాణా కొట్టాయన, ఒక ఇన్సూరెన్సు ఏజెంటు, మా లెక్కల మాస్టారు, బీఎడ్ చదివే ఒక అమ్మాయి.

పోయిన దసరాకి వేసింది తల్లి పోయిన ఇంటి కథ. అందులో రెండు సీన్ల గురించి అడగాలి. ఒకదాంట్లో తండ్రి ఒక్కడే కూర్చుని భార్య చీరలు మడతపెడుతుంటాడు. మాటల్లేవు. నాలుగో చీర సగం మడిచి, మళ్ళీ విప్పేసి, మొదటినుంచి మడుస్తాడు. అంతే సీను. రెండోదాంట్లో కూతురు ఊరినుంచి వచ్చి తల్లి ఫొటో ముందు పడి ఏడుస్తుంది. ఆ వేషం వేసిన మా బీఎడ్ అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది, గ్లిజరిన్ అవసరం పడలేదు. రెండేళ్ళ కిందటే వాళ్ళమ్మ పోయింది. గొంతు పూడుకుపోయి, మైకులో ఎక్కిళ్ళు తప్ప డైలాగు ఒక్కటీ వినపడలేదు. ముందు కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్ళని చూసి పెద్దలూ నవ్వారు. వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. ఆ పిల్ల మేకప్ గదిలోకి వచ్చి గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

చీరల సీనుకు ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. జనానికి ఎక్కలేదనుకుని, పది రోజుల తర్వాత పర్లాకిమిడిలో వేసినప్పుడు దాన్ని తీసేశాను.

మా ఊళ్ళో సంస్కృతం చెప్పే ఒడియా సార్ "భరతముని రాసిన నాట్యశాస్త్రంలో ఆరు, ఏడు అధ్యాయాలు చూడండి" అన్నారు. పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు అనువాదం సంపాదించి చదివాను. మనసులో నిలిచి ఉండే స్థాయిభావాలు 8, వచ్చిపోయే వ్యభిచారి భావాలు 33, ఒంటి మీద తెలిసే సాత్త్వికాలు 8, వెరసి 49. లెక్క కుదిరింది, దీంతో నేనేం చెయ్యాలో మాత్రం తెలియలేదు. కూచిపూడికీ ఒడిస్సీకీ అయితే సరే. ప్యాంటూ చొక్కా వేసుకుని ఇన్సూరెన్సు ఏజెంటు ఆడే నాటికకి ఇది పనికొస్తుందా? పైగా కన్నీళ్ళు కూడా ఆ 8 సాత్త్వికాల్లో ఉన్నాయి. మరి మా పిల్ల నిజం కన్నీళ్ళకి జనం ఎందుకు నవ్వారు?

రాయగడ కుర్రాడు

మేడమ్, ఏమనుకోకండి. అది ఇంచుమించు రెండువేల ఏళ్ళనాటి పుస్తకం. అప్పుడు మైకుల్లేవు, లైట్లు లేవు కాబట్టి కళ్ళూ చేతులూ తిప్పుకున్నారు. ఇప్పుడు జనం ఫోన్లో క్లోజప్‌లు చూసి చూసి ఉన్నారు. సహజంగా చేయిస్తే చాలు. మీ ప్రాబ్లం మైకు ఒక్కటే. కాలర్ మైకు పెట్టించి, ఏడుపు దగ్గర సౌండ్ తగ్గించమనండి.

గుణుపురం టీచర్

సహజంగానే కదా బాబూ ఏడ్చింది! గొడవంతా అక్కడే వచ్చింది.

పర్లాకిమిడి హార్మోనియం తాత

అమ్మా, నాకు డెబ్బై నాలుగు. పద్యనాటకాలకి నలభై ఏళ్ళు హార్మోనియం వాయించాను. సంస్కృతం మా నాన్నగారి దగ్గర కొంచెం చదువుకున్నాను, మిగతా శాస్త్రమంతా స్టేజీ పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

మీరడిగిన ప్రశ్న భరతుడే వేసుకున్నాడు. ఏడో అధ్యాయంలో సాత్త్వికాల దగ్గర చూడండి. దుఃఖమంటే ఏడుపు కదా, దుఃఖం లేనివాడు దాన్నెలా అభినయిస్తాడు అని అడిగి, సత్త్వం మనసులో పుడుతుంది, మనసు ఒక్కచోట నిలిస్తే పుడుతుంది అన్నాడు. నిలవాలి అన్నాడు గానీ కొట్టుకుపోవాలి అనలేదు. మీ పిల్ల మనసు నాటకంలో తల్లిని వదిలేసి కన్నతల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. దాని తప్పేం లేదు, పాపం. కానీ పరాయి ఇంటి తలుపు హఠాత్తుగా తెరుచుకుని లోపల ఎవరో ఏడుస్తూ కనపడితే మనం ఎటు చూస్తాం? కొందరు తల దించుకుంటారు, కొందరికి నవ్వొస్తుంది. అది ఎగతాళి నవ్వు కాదమ్మా, ఏం చెయ్యాలో తోచని నవ్వు.

నేను చిన్నప్పుడు గంజాం జిల్లాలో మా మేనత్త ఊళ్ళో ప్రహ్లాద నాటకం చూసేవాణ్ణి. జలంతర సంస్థానంలో పుట్టిన నాటకం అది. ఆ కోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకమేమో ఒడియా వాళ్ళది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పై మెట్టు మీద హిరణ్యకశిపుడు. ఆయన ఒక్కో మెట్టూ దిగుతుంటే కింద మర్దల మోగుతుంది, గాహకుడు పాట ఎత్తుకుంటాడు. నరసింహుడి ముసుగుకి పూజ చేసి కట్టేవారు. అది కట్టుకున్నాయనకి పూనకం వచ్చి నలుగురు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. అది అభినయం కాదు, పూజ అనేవారు మా నాన్నగారు. నేనింకో మాట చెబుతాను. ఆయనకి ఒళ్ళు తెలియకపోయినా నాటకం చెడలేదు. ఎందుకంటే అంతకుముందు రాత్రంతా ఆ మెట్లూ, ఆ పాటలూ, ఆ పిల్లాడి మొండితనం మమ్మల్ని అక్కడికి తెచ్చి నిలబెట్టాయి. మీ పిల్లకి ముందు ఆ మెట్లు కట్టలేదు. వచ్చింది, పడింది, ఏడ్చింది.

విభావం అంటే భావానికి కారణం, అనుభావం అంటే దాన్ని బయటపెట్టే ఏడుపులాంటి చేష్ట, వ్యభిచారి అంటే వచ్చిపోయే భావం. వీటి కలయికలో రసం, అంటే నాటకం రుచి, అన్నాడు. మీరు అనుభావం ఒక్కటే పళ్ళెంలో పెట్టారు. దాల్మాలో ఉప్పూ పప్పూ కూరముక్కా పోపూ కలిస్తే రుచి. ఉప్పు విడిగా చేతిలో పోస్తే ఎవరు తింటారు? భావం ఆడేవాడిది, రసం చూసేవాడిది.

ఇక రెండో సంగతి. చీరల సీను తీసేశారా? అయ్యో తల్లీ! 27వ అధ్యాయంలో సిద్ధి, అంటే నాటకం ఫలించడం, రెండు రకాలన్నాడు. జనం "ఆహా" అన్నా, "అయ్యో" అన్నా, లేచి నిలబడ్డా, బట్టలూ ఉంగరాలూ విసిరినా అది మానుషసిద్ధి. మా కాలంలో పద్యానికి వన్స్‌మోర్ కొట్టి చొక్కాకి పది రూపాయల నోటు గుచ్చేవారు, అదన్నమాట. చప్పుడు లేకుండా, కదలిక లేకుండా రంగస్థలం నిండుగా ఉంటే అది దైవసిద్ధి. ఆ సీనులో చప్పట్లు లేవన్నారు. మరి దగ్గులున్నాయా? కుర్చీ చప్పుళ్ళున్నాయా? గుర్తు చేసుకోండి.

ఇంతకీ నాటిక మొదలయ్యేసరికి రాత్రి ఎంతయింది?

గుణుపురం టీచర్

ఎనిమిదన్నారు, పదీ నలభైకి తెర లేచింది. ముందు దీపం, ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు, పద్నాలుగు మందికి శాలువాలు, పిల్లల సినిమా డాన్సులు.

దగ్గులు... మీరడిగాక గుర్తొస్తోంది. పక్కవీధిలో జనరేటరు చప్పుడు వినపడింది. అంతకుముందంతా అది వినపడనే లేదు.

పర్లాకిమిడి హార్మోనియం తాత

వినపడింది కదా! ఇంకేం కావాలి?

ఆ పద్నాలుగు శాలువాల గురించి కూడా భరతుడు చెప్పాడు. అయిదో అధ్యాయం పూర్వరంగం, అంటే నాటకానికి ముందు జరిగే తంతు. వాద్యాలు సర్దడం, గాయకులు కూర్చోవడం, శ్రుతి చూసుకోవడం, అన్నీ వరసగా ఉంటాయి. చివర్లో మాత్రం, పాటా ఆటా అతిగా సాగదీయొద్దు, ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ అలిసిపోతే ఇక రసం తేలదు అని హెచ్చరించాడు. నాటకానికి ముందు శ్రుతి వినిపిస్తే జనం మనసు కుదురుకుంటుందమ్మా. సినిమా పాట పెద్ద సౌండుతో పెడితే ఉన్న కుదురూ పోతుంది. తెర లేవబోయే ముందు అయిదు నిమిషాలు ఏమీ వాయించకుండా ఉత్త శ్రుతి పట్టుకుని కూర్చునేవాణ్ణి నేను. కుర్రాళ్ళు "ఏటి తాతా, పాట మర్చిపోయావా" అనేవారు.

మైకు సంగతి రాయగడ బాబు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మరి జనం ఎంత దూరంలో కూర్చున్నారు? భరతుడు మనుషులకి సరిపడే నాటకశాల 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు అన్నాడు. మన పూలమూరే అనుకోండి, మూర అంటే అడుగున్నర. 96 అడుగులూ 48 అడుగులూ. అందులోనూ సగం నటులకే పోతుంది. అంతకన్నా పెద్దదైతే గొంతు చెడుతుంది, ముఖంలో భావం ఆనదు అన్నాడు. మైకు గొంతును మోస్తుంది, ముఖాన్ని మొయ్యదు. చీర మడతపెట్టే చేతులు హైస్కూలు గ్రౌండు చివరికి కనపడతాయా?

బరంపురం లెక్చరర్

తాతగారి మాటలన్నీ బాగున్నాయి. ఒక్కచోట ఆగాలి. "భావం ఆడేవాడిది, రసం చూసేవాడిది" అనేది అంత తేలిగ్గా తేలిన విషయం కాదు. భరతుడికి వ్యాఖ్యానం చెప్పిన పాత పండితుల్లో లోల్లటుడు రసం ముఖ్యంగా పాత్రలో ఉందన్నాడు, నటుడిలోనూ తోస్తుందన్నాడు. శంకుకుడు బొమ్మలోని గుర్రంతో పోల్చాడు. బొమ్మ చూసి ఇది నిజం గుర్రం అనుకోం, గుర్రం కాదనీ అనుకోం. టీచరమ్మ గారి నాటికలో బొమ్మగుర్రం ఉన్నట్టుండి సకిలించింది, జనం ఉలిక్కిపడ్డారు.

వెయ్యేళ్ళ కిందటి కశ్మీరు పండితుడు అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన వ్యాఖ్యానంలో రసానికి అడ్డొచ్చే విఘ్నాలు ఏడు చెప్పాడు. వాటిలో ఒకటి సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం. అది నటికి చెప్పినది కాదు, ప్రేక్షకుడికి చెప్పినది. రాత్రి పదీ నలభైకి ఆఖరి ఆటో ఉంటుందో ఉండదో అని ఆలోచించేవాడన్నమాట. విషయం స్పష్టంగా అందకపోవడం ఇంకో విఘ్నం. ఆ లెక్కన మైకు కూడా అలంకారశాస్త్రంలోకి వస్తుంది. ఆ వ్యాఖ్యానంతో సహా నాట్యశాస్త్రాన్ని బరోడా నుంచి 1926లో అచ్చువేయించడం మొదలుపెట్టింది మన మానవల్లి రామకృష్ణకవి గారే.

ఇంకో మాట. ఉత్తములు దుఃఖాన్ని ధైర్యంతో దిగమింగుతారు, స్త్రీలూ నీచపాత్రలూ బోరున ఏడుస్తారు అని కూడా అదే పుస్తకంలో ఉంది. దాన్ని అక్కడే వదిలేయండి. మీ నాటికలో తండ్రికి ఇచ్చిన నిగ్రహం కూతురికీ ఇవ్వండి. ప్యాంటూ చొక్కా నాటిక కుదరదనే భయం కూడా వద్దు. లోకంలో ఉన్నట్టు ఆడే లోకధర్మి, కట్టుబాట్లతో ఆడే నాట్యధర్మి, రెండూ ఆయన చెప్పినవే.

మన సరిహద్దు వాళ్ళకి నచ్చే సంగతి ఒకటి. ఏ దేశం వాళ్ళు ఏ పద్ధతిలో ఆడతారో చెప్పే జాబితాలు అందులో ఉన్నాయి. దాక్షిణాత్యం అనే దక్షిణాది పద్ధతిలో ఆంధ్రులతో పాటు కళింగులున్నారు. ఓడ్రమాగధి అనే తూర్పు పద్ధతిలో ఓడ్రులతో పాటు మళ్ళీ కళింగులున్నారు.

రాయగడ కుర్రాడు

అంటే అప్పుడే మనకి రెండు రేషన్ కార్డులు ఉండేవన్నమాట. సరే సార్, ఒప్పుకున్నాను. లైట్ల పని మాత్రం నాకు వదిలేయండి మేడమ్, చేతుల మీద పడేలా నేను పెడతాను.

గుణుపురం టీచర్

నిన్న రిహార్సల్ పెట్టాం. చీరల సీను మళ్ళీ చేర్చాను. ఈసారి నాలుగో చీర మడవకుండానే తండ్రి లేచి వెళ్ళిపోతాడు. కూతురు వచ్చాక ఫొటో దగ్గరికి వెళ్ళదు. మంచం మీద ఆ ఒక్క చీర విప్పి ఉండటం చూసి, కూర్చుని, మడతపెట్టడం మొదలుపెడుతుంది. వాళ్ళ నాన్నలాగే సగంలో ఆగుతుంది. ఏడవొద్దమ్మా, అంచులు కలిశాయో లేదో చూసుకో, నీ పని అంతే అని చెప్పాను. అంచులు కలపలేకపోయింది. మా ఏజెంటు బాబు ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు. ఫోన్ రాలేదని అందరికీ తెలుసు.

ఈసారి గ్రౌండు వద్దు, బడి హాల్లో వేస్తాం. టేపు పెట్టి కొలిచాను, 70 అడుగులు. కమిటీ ప్రెసిడెంటు గారు మాత్రం శాలువాలు ముందే కప్పాలంటున్నారు. చివర్లో అయితే సన్మానితులు ఇళ్ళకి వెళ్ళిపోతారట. పద్నాలుగు నుంచి ఆరుకి దించగలిగాను.

తాతగారూ, ఆ అయిదు నిమిషాల శ్రుతికి మీరు రాగలరా?

పర్లాకిమిడి హార్మోనియం తాత

మధ్యాహ్నం బండికి వస్తాను. పెట్టె బరువు, ఆ ఫోన్ రాని బాబుని స్టేషనుకి పంపండి.