'ఎడతెగక'లో 'ఎడ' ఏమిటి?

అమలాపురం: "అప్పిచ్చువాడు వైద్యుడు" పద్యంలో రెండో పాదం "ఎప్పుడు నెడతెగక పాఱు" దాకా వచ్చి ఆగిపోతోంది. తర్వాత ఏఱా, నీరా? నెట్ మాటిమాటికీ పోయి వస్తుంటే 'ఎడతెగుతోంది' అనొచ్చా అన్నది అసలు సందేహం.

తణుకు: "పాఱు నేఱును ద్విజుడున్", మాస్టారూ. రెండు చోట్లా బండి ఱ. 'ఎడ' అంటే నడిమి దూరం. ఎడం, ఎడబాటు ఆ ఇంటివే. వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా వస్తే ఎడం పెరిగినట్టు, మాటలే మింగేస్తే తెగినట్టు. ఎక్కడ తెగుతోందో చూడాలంటే మొదట రౌటర్‌కి పింగ్ కొట్టండి (జవాబొస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు), దాని అడ్రసు చాలా ఇళ్ళలో 192.168.1.1. తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. రౌటర్ దగ్గరే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' (జవాబు రాలేదు) అని పడుతుంటే తప్పు వైఫైదో ఇంట్లో తీగదో. అక్కడ నిలకడగా జవాబొచ్చి రెండోదానికి రాకపోతే బయట లైను చూపించుకోవాలి.

కాకినాడ: తెగిందల్లా ఎడతెగినట్టు కాదండి. రౌటర్‌నీ కంప్యూటర్‌నీ కలిపే ల్యాన్ తీగలో 8 పోగులు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి ఎనిమిదీ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 నంబరు పోగులు చాలు. ప్లగ్గులో నీలం జత (4, 5) ఊడితే చాలా పరికరాల్లో నెట్ ఆగదు, వేగం 100కి పడిపోతుంది. దానికి 'సన్నబడింది' అనాలి.

భీమవరం: కాలువ మాటలుండగా మనకీ పాట్లెందుకు? రౌటర్ అంటే లాకు.

తణుకు: లాకు పడవల కోసమండి, నీటి ఎత్తు తేడా దాటించడానికి. బోదెకి (పొలానికెళ్ళే పిల్లకాలువకి) నీళ్ళు వదిలేది తూము. వైఫైకి కావలసింది 'వంతు'. ఒకే ఛానల్ మీద ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడాలి, దాళ్వాలో (రెండో పంటలో) వంతులవారీ నీళ్ళలాగే. సిగ్నల్ అందని మూలగదిలో ఫోను నెమ్మదిగా మాట్లాడి మిగతావాటి వంతు కూడా తినేస్తుంది.

కాకినాడ: నీళ్ళంటే శ్రీనాథుడే! పల్నాట్లో నీళ్ళు దొరక్క శివుణ్ణి అడిగాడని ఆయన పేర చెప్పుకునే చాటువు "తిరిపెమున కిద్దరాండ్రా, పరమేశా గంగ విడుము". ఐపీ అడ్రసు (రౌటర్ ఒక్కో పరికరానికి ఇచ్చే నంబరు) రిలీజ్‌కి అంతకన్నా మంచి మాట లేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపుచేసే కిటికీలో) ఐపీకాన్ఫిగ్ రిలీజ్ కొడితే కంప్యూటర్ అడ్రసు విడుస్తుంది, రెన్యూ కొడితే మళ్ళీ అడిగి తెచ్చుకుంటుంది. ఒకే అడ్రసు రెండు పరికరాలకి పడి పేచీ వచ్చినప్పుడు పనికొస్తుంది.

అమలాపురం: అక్కడ 'విడుము' అంటే వదులుకోమనా, మాకు వదలమనా?

కాకినాడ: వదులుకోమనే. "పార్వతి చాలున్" అన్నాడు కదా.

భీమవరం: కాలువకి నీళ్ళు వదిలారంటాం చూడండి, ఆ వదలడమే అది. దాహంతో ఉన్నవాడు ఇంకెందుకు అడుగుతాడు? రిలీజ్ చేసిన అడ్రసూ రౌటర్ దగ్గరికి తిరిగి వెళ్ళి ఇంకొకరికి పనికొస్తుంది.