నాన్న షష్టిపూర్తికి ఇటాలియన్ రెస్టారెంట్, ప్యూర్ వెజ్ వాళ్ళకి ఏం చెప్పాలి?

మేం అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం, నాన్నకి శనివారం 60 నిండుతున్నాయి, పొద్దున పూజ ఇంట్లోనే, రాత్రికి మా వీధి చివర చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో 12 మందికి టేబుల్ చెప్పాను. అమ్మానాన్న గుడ్డు కూడా ముట్టరు. పోయినసారి వేరేచోట వెజ్ సూప్ అంటే తెప్పించాం, సగం తాగాక అది చికెన్ ఉడికించిన నీళ్ళతో (స్టాక్) చేసిందని తెలిసింది, అమ్మ స్పూన్ మెల్లగా కింద పెట్టేసి మంచినీళ్ళతో సరిపెట్టుకుంది. మళ్ళీ అలా జరగకూడదండి.

జవాబు: ముందురోజే ఫోన్ చేసి చెప్పేయండి, శనివారం రద్దీలో ఎవరూ సరిగ్గా వినరు. ఫ్రెష్ పాస్తాలో మామూలుగా గుడ్డు వేస్తారు, ఎండు స్పగెటీ, పెన్నె అయితే ఎక్కువగా గోధుమరవ్వ, నీళ్ళే. సీజర్ సలాడ్ వద్దు, డ్రెస్సింగ్‌లో మామూలుగా ఆంకోవీ చేపలుంటాయి.

జవాబు: చీజ్ సంగతి కూడా చూసుకోండి. అసలైన పార్మిజానో రెజ్జానో అనే ఇటాలియన్ చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే, పెస్టో అనే బేసిల్ ఆకుల పచ్చడిలో కూడా సాధారణంగా ఆ చీజే పడుతుంది. చీజ్ లేకుండా చేయగలరేమో అడగండి.

జవాబు: మా అత్తయ్యగారికి ఆల్యో ఎ ఓల్యో అనే వెల్లుల్లి స్పగెటీ తెప్పించాం, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేగిన వాసనకి "అచ్చం మన పోపులా ఉందే" అని రెండోసారి వడ్డించుకున్నారు. కారం కావాలంటే అరబ్బియాతా, అంటే కారం టమాటా సాస్ పాస్తా.

అడిగినవాళ్ళు: చాలా థాంక్సండి, రేపే ఫోన్ చేస్తా. చీజ్ సంగతి నాకు అస్సలు తెలీదు.