అప్‌డేట్: గుండె జబ్బుల లిస్టులో కవాటం కేసులు రాకపోవడం గురించి

"గుండె జబ్బులన్నీ చూపించు" అంటే మైట్రల్ కవాటం పేషెంట్లు రావట్లేదని అడిగాను కదా, సంగతి తేలింది. స్నోమెడ్ సీటీలో (జబ్బులకు, శరీర భాగాలకు, ఆపరేషన్లకు కోడ్‌లిచ్చే వైద్య పదాల జాబితా) గుండెకు రెండు కోడ్‌లున్నాయి. 80891009 అంటే గుండె మొత్తం గానీ, అందులో ఏ భాగం గానీ. 302509004 అంటే అచ్చంగా పూర్తి గుండె. మాకు అప్పగించిన క్వెరీలో ఉన్నది రెండోది. కవాటం గుండెలో భాగమే గానీ పూర్తి గుండె కాదు, కాబట్టి దాని కింద ఎప్పటికీ రాదు. ఫైండింగ్ సైట్‌కు (జబ్బు శరీరంలో ఎక్కడుందో చెప్పే గడి) మొదటి కోడ్ పెట్టగానే కవాటాలు, కర్ణికలు, జఠరికలు అన్నీ వచ్చేశాయి. టెన్షన్ తీరింది!

302509004 లాంటి 'పూర్తి' కోడ్‌లు అసలు తీసెయ్యమని వచ్చిన సలహా మాత్రం పక్కన పెట్టాను. కిడ్నీ మొత్తం తీసిన ఆపరేషన్‌నీ, కొంత భాగమే తీసినదాన్నీ విడదీసి చెప్పాలంటే అవి ఉండాల్సిందే. ఇక కుడి, ఎడమ అవయవాలను కోడ్‌లలో ఎలా విడదీయాలన్న గొడవ మిగిలింది. దానికి విడిగా అడుగుతాను.