విశ్రాంతిలో ఉన్న ముఖానికి ఒకే ఉష్ణోగ్రత అంటూ ఉంటుందా?

పరిశీలకుడు:
ఏ పనీ చేయకుండా కుర్చీలో కూర్చున్న మనిషి ముఖాన్ని థర్మల్ కెమెరాతో ఒక్కసారి చిత్రించి, ముఖమంతటి సగటును ఆ వ్యక్తి విశ్రాంతి ఉష్ణోగ్రతగా నమోదు చేయవచ్చని నా అభిప్రాయం. చర్మపు ఉద్గారత, అంటే వేడిని కిరణాలుగా వెలువరించే సామర్థ్యం, గరిష్ఠమైన 1కి గాను 0.98 దరిదాపుల్లో ఉంటుంది, మేనిఛాయను బట్టి అది చెప్పుకోదగ్గంతగా మారదు. కెమెరా 0.05 డిగ్రీల తేడాను కూడా పసిగడుతుంది. అలాంటప్పుడు కొందరు నిమిషాల తరబడి కొలవాలని పట్టుబట్టడం దేనికి?

నీలిగీత:
పరిశీలకుడు గారూ, తేడాను పసిగట్టడం వేరు, అసలు విలువను సరిగ్గా చెప్పడం వేరు. మీరన్న సూక్ష్మత ఉన్న కెమెరాలకే అసలు విలువ 2 డిగ్రీలు అటూ ఇటూ కావచ్చని తయారీదారులు సాధారణంగా రాస్తారు. ఉష్ణోగ్రత ముందే తెలిసిన బ్లాక్‌బాడీ అనే ప్రామాణిక పరికరాన్ని చిత్రంలో ఒక పక్కన ఉంచి సరిచూసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

తీరనిది సగటుతో వచ్చే చిక్కు. ముక్కు కొన చర్మంలో ధమనులను సిరలతో నేరుగా కలిపే సన్నని దారులు ఉన్నాయి. ఉలికిపాటు, ఒత్తిడి వేళల్లో చురుకయ్యే సహానుభూత నాడీ వ్యవస్థ వాటిని బిగించినప్పుడు అక్కడికి వచ్చే రక్తం తగ్గి, నుదురు దాదాపు ఎప్పటిలాగే ఉన్నా ముక్కు మాత్రం చల్లబడుతుంది. ఒకసారి నేను చిత్రిస్తుండగా, కదలకుండా కూర్చున్న వ్యక్తి నాసికా రంధ్రాల అంచులు గాలి పీల్చినప్పుడల్లా మసకబారి, వదిలినప్పుడల్లా వెలుగుతున్నాయి. అంతలో పక్క గది తలుపు ధడాలున మూసుకుంది. ఆయన ముఖకవళికల్లో ఏ మార్పూ లేదు గానీ, కాసేపటికే తెరమీద ముక్కు కొన నారింజ రంగు నుంచి నీలంలోకి జారింది. ఆ రెండు చిత్రాల్లో దేన్ని విశ్రాంతి అనాలి?

కంటి లోపలి మూల సంగతి వేరు. లోపలి నుంచి వచ్చే రక్తనాళాలు అక్కడ చర్మానికి చాలా దగ్గరగా ఉండటం వల్ల అది ముఖంలో అత్యంత వెచ్చని, నిలకడైన చోట్లలో ఒకటి. జ్వరాన్ని గుర్తించే థర్మల్ కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 80601-2-59 ఎంచుకున్నదీ ఆ చోటునే. ఇలాంటి చోటునూ ముక్కునూ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ముఖంలోని ఏ భాగానిదీ కాదు.

కొలమానం:
నీలిగీత గారి వాదన సబబే గానీ, ఎక్కువసేపు కూర్చోబెడితే మనిషికి కునుకు పడుతుందని కూడా గమనించాలి. నిద్ర ముంచుకొచ్చేటప్పుడు చేతులు, పాదాల చర్మంలో రక్తనాళాలు విప్పారి అవి వెచ్చబడతాయి. అదే తరహా రక్తనాళాలున్న ముక్కు కొనను అప్పుడు కొలిస్తే మెలకువలోని విశ్రాంతిని కొలిచినట్లు అవుతుందా?

నీలిగీత:
నేను ఆ కోణంలో ఆలోచించలేదు, మీ మాట ఒప్పుకుంటున్నాను. గదికి అలవాటు పడేందుకు 15 నిమిషాలు ఇచ్చి, కళ్లు తెరిచే ఉంచమని చెప్పి, ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు వరుసగా చిత్రించడం మేలనిపిస్తోంది. కళ్లజోడు మాత్రం ముందే తీయించాలి. థర్మల్ కెమెరా గ్రహించే పరారుణ కిరణాలు అద్దం గుండా రావు కనుక కళ్లున్న చోట అద్దపు ఉష్ణోగ్రతే నమోదవుతుంది. క్రీడా వైద్యంలో థర్మల్ చిత్రణ కోసం 2017లో వెలువడిన టైసెమ్ అనే సరిచూసుకునే జాబితా (చెక్‌లిస్ట్) కూడా గది ఉష్ణోగ్రత, తేమ, అలవాటు పడేందుకు ఇచ్చిన సమయం తప్పక నమోదు చేయమంటుంది.

పరిశీలకుడు:
ముఖమంతటికీ ఒకే సగటు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కంటి లోపలి మూలకైతే, బ్లాక్‌బాడీ పక్కన ఉన్నప్పుడు, ఒక్క చిత్రం చాలునని ఇప్పటికీ అంటాను.