మోకాలి కింది కృత్రిమ కాలు: సాకెట్ వదులై నొప్పి పుడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (సీతమ్మధార నుంచి)

మా నాన్నగారికి 62 ఏళ్లు. మధుమేహం వల్ల కుడికాలిని మోకాలి కింద తొలగించారు. నాలుగు నెలల కిందట సాకెట్ (మిగిలిన కాలు దూరే గట్టి తొడుగు), లోపల మెత్తటి ఫోమ్ లైనర్, మోకాలి పైన బెల్టు ఉన్న కృత్రిమ కాలు అమర్చారు. మొదట్లో బిగువుగా సరిపోయిన ఆ కాలులోకి ఇప్పుడు మధ్యాహ్నానికల్లా స్టంప్ (తొలగించగా మిగిలిన కాలి భాగం) జారిపోతున్నట్లు ఉంటోందని, చివర నొప్పి పుడుతోందని అంటున్నారు. బెల్టు బిగిస్తే చర్మం ఎర్రబడుతోంది. ఇంట్లో చెప్పులు లేకుండా నడిచేటప్పుడు వెనక్కి పడిపోతానేమోనని భయపడుతున్నారు. సాకెట్ మార్పించాలా, లేక పాదం మార్పిస్తే సరిపోతుందా?

జవాబు (ప్రాస్థెటిస్ట్, మహారాణిపేట)

అమ్మా, కృత్రిమ కాళ్లు తయారుచేసి అమర్చడమే నా పని కాబట్టి చెబుతున్నాను, ముందు బెల్టు బిగించడం ఆపండి. కాలు జారకుండా పట్టుకోవడమే బెల్టు పని. బరువు మోయవలసింది సాకెట్. మోకాలి చిప్ప కింద ఉండే స్నాయువు, కాలి ఎముక లోపలి వైపు భాగం, వెనక పిక్క కండ ఒత్తిడిని తట్టుకోగలవు. మోకాలికి బయటివైపు తగిలే చిన్న ఎముక తల, కాలి ముందు ఎముక అంచు, స్టంప్ చివర తట్టుకోలేవు. పిండికట్టుతో కొలత తీసిన తరువాత అచ్చును కొన్నిచోట్ల చెక్కి, కొన్నిచోట్ల నింపేది ఈ తేడా కోసమే.

శస్త్రచికిత్స తరువాత మొదటి సంవత్సరంలో వాపు దిగి, కండ తగ్గి స్టంప్ సన్నబడుతుంది. రోజులో కూడా ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా వస్తుంది. అప్పుడు స్టంప్ సాకెట్‌లో లోతుకు దిగి, బరువంతా చివర మీద పడుతుంది. మీ నాన్నగారి నొప్పికి ఇదే కారణమని నా అభిప్రాయం. ఉదయం పలుచటి స్టంప్ సాక్స్‌తో మొదలుపెట్టి, వదులనిపించగానే పైన మరొకటి తొడగాలి. రాత్రి కాలు తీసిన తరువాత క్రేప్ బ్యాండేజి కడితే వాపు అదుపులో ఉంటుంది.

పాదం సంగతి వేరు. బూటు మడమ ఎత్తుకు తగినట్టు అమర్చిన పాదంతో ఉత్తకాలితో నడిస్తే మడమ దిగి, శరీరం వెనక్కి ఒరుగుతుంది. ఉత్తకాలి నడకను, బాసింపట్టును దృష్టిలో పెట్టుకుని 1968 ప్రాంతంలో రూపొందించిన జైపూర్ పాదాన్ని మన ఇళ్లకు, గుళ్లకు అనువైనదని నేను ఇప్పటికీ సూచిస్తాను. మార్పించకపోయినా, ఇంట్లో అదే ఎత్తు మడమ ఉన్న చెప్పులు వేసుకోమనండి.

జవాబు (గాజువాక నుంచి)

అక్కయ్యా, నాకూ మోకాలి కిందే తీశారు. మన విశాఖ ఉక్కపోతలో చెమటే పెద్ద ఇబ్బంది. మధ్యాహ్నం ఒకసారి కాలు తీసి, స్టంప్‌నూ లైనర్‌నూ పొడిగుడ్డతో తుడిచి, ఆరిన సాక్స్ తొడుక్కుంటే సాయంత్రం దాకా నిశ్చింతగా ఉంటుంది. సాక్స్ ముడత పడకుండా చూడండి. ఒక్క చిన్న ముడత చాలు, పుండు పడటానికి. నేను తరువాత సిలికాన్ లైనర్‌కు మారాను. చివరనున్న పిన్ను సాకెట్ అడుగున టిక్కుమంటూ బిగుసుకుంటుంది. బెల్టు బాధ తప్పింది కానీ, లైనర్‌ను రోజూ సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టవలసిందే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సాక్స్ ఎన్నిటి వరకు పెంచుకుంటూ పోవచ్చు?

జవాబు (ప్రాస్థెటిస్ట్, మహారాణిపేట)

సాక్స్ మందాన్ని ప్లైలలో (పొరల లెక్కలో) లెక్కిస్తారు. మొత్తం 10 ప్లై దాటితే ఒత్తిడి పడవలసిన చోట పడదు. అప్పుడు కొత్త సాకెట్‌కు కొలత ఇవ్వాలి. మధుమేహం ఉన్నవారికి స్పర్శ తగ్గుతుంది కాబట్టి, నొప్పి లేదన్న మాటను నమ్మకుండా ప్రతి రాత్రి అద్దం పెట్టి స్టంప్ కిందిభాగం చూడండి. కాలు తీసిన పావుగంటకూ ఎరుపు పోకపోతే, లేదా చర్మం చిట్లితే, ఆ కాలు తొడగకుండా మీకు అమర్చిన కేంద్రానికే ముందు తీసుకువెళ్లండి.