విజయవాడ ఇంట్లో జియోఫోన్: మేడ మీద పెట్టాలా, నేల మీద పెట్టాలా?

ప్రశ్న: సత్యనారాయణపురం ఫిజిక్స్ టీచర్

అందరికీ నమస్కారం. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తుంటాను. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర రిక్టర్ స్కేలుపై 5.3 భూకంపం వచ్చింది, గుర్తుండే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తు వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చేశారు. కింద గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం మాత్రం "ఏమైందమ్మా?" అని మమ్మల్నే అడిగింది. క్లాసులో ఈ మాట చెప్తే పిల్లలు పట్టుకున్నారు. ఒకే బిల్డింగు కదా మేడమ్, పైవాళ్లకు తెలిసింది కిందవాళ్లకు ఎందుకు తెలియలేదు అని. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను గానీ, కొలిచి చూపిస్తే ఆ లెక్కే వేరు.

అందుకని 4.5 హెర్ట్జ్ జియోఫోన్ (నేల అదురును కరెంటుగా మార్చే చిన్న సెన్సర్) ఒకటి తెప్పించాను. ల్యాబ్‌లో సెన్సర్లను చదివే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డుయినో ఉనో బోర్డు ఉంది. జియోఫోన్ వైర్లు మల్టీమీటర్‌కి పెట్టి పక్కన నడిస్తే అంకెలు కదులుతున్నాయి, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో. అదే ఆర్డుయినోకి కలిపితే మాత్రం పక్కన గెంతితే తప్ప గీత కదలదు. ఇది ఎందుకు? రెండోది, దీన్ని డాబా మీద పెట్టాలా, గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టాలా? మన ఊళ్లో రైళ్లు, లారీలు ఆగే క్షణం ఉండదు, వాటి మధ్య భూకంపాన్ని ఎలా పోల్చుకోవాలి? ఫోనులో సెన్సర్ ఉందిగా, ఈ తంటాలెందుకు అని మా వారు అడుగుతున్నారు. దానికీ ఒక జవాబు కావాలి.

జవాబు: గుంటూరు, బ్లాస్టింగ్ కొలతలు

నమస్తే మేడమ్. సున్నపురాయి గనుల్లో, కంకర క్వారీల్లో మందు పేల్చినప్పుడు దగ్గరి ఇళ్లలో అదురు ఎంత వస్తుందో కొలవడం నా ఉద్యోగం. మీ పెట్టెలో ఉన్న జియోఫోనే నిలువుకొకటి, అడ్డానికి రెండు చొప్పున మా పరికరంలోనూ ఉంటుంది. మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఆర్డుయినో సంగతి. మామూలుగా దొరికే 4.5 హెర్ట్జ్ జియోఫోన్ నేల సెకనుకు ఒక మిల్లీమీటరు వేగంతో కదిలితే దాదాపు 29 మిల్లీవోల్టులు ఇస్తుంది. మీ మోడల్ డేటా షీట్‌లో ఈ అంకె చూసుకోండి. ఉనో బోర్డు ఐదు వోల్టుల్ని 1,024 మెట్లుగా కోస్తుంది, అంటే ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. లెక్క వేయండి, నేల సెకనుకు 0.17 మిల్లీమీటర్ల వేగం అందుకుంటే గానీ ఒక్క మెట్టు కూడా మారదు. ఆ పాటి అదురు ఇంచుమించు మనిషి ఒంటికే తెలిసిపోతుంది. పైగా జియోఫోన్ నుంచి కరెంటు రెండు వైపులా వస్తుంది, ఉనో మైనస్ వోల్టేజీ చదవలేదు, సగం సిగ్నల్ అక్కడే పోతోంది. 24 బిట్ల ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్) పెట్టండి, ఏడీఎస్ 1256 లాంటిది. 16 బిట్ల ఏడీఎస్ 1115 అయినా గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగ్) పూర్తిగా పెంచితే ఒక్కో మెట్టు 7.8 మైక్రోవోల్టులకు దిగుతుంది. ఏది వాడినా జియోఫోన్ ఒక కాలును రెండు రెసిస్టర్లతో మధ్య వోల్టేజీకి ఎత్తిపెట్టాలి.

ఇక మీరు అడగనిది ఒకటుంది, అసలు కీలకం అదే. మీరు తెప్పించింది నిలువు రకమా, అడ్డ రకమా? ఐదో అంతస్తు వాళ్లకు తెలిసింది అడ్డంగా ఊగడం. నిలువు జియోఫోన్‌ని డాబా మీద పెట్టి ఎన్ని రోజులు కూర్చున్నా ఆ ఊపు సరిగ్గా దొరకదు. పడుకోబెడదాం అనుకుంటారేమో, లోపల అయస్కాంతం దగ్గర తీగ చుట్ట స్ప్రింగు మీద వేలాడుతుంటుంది, పక్కకు వాలిస్తే గోడకు ఆనుకుపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదంతస్తుల బిల్డింగు ఒకసారి ఊగి రావడానికి సుమారు అర సెకను పడుతుంది, అంతస్తుకు పదో వంతు సెకను అని మోటు లెక్క. అంటే 2 హెర్ట్జ్. 4.5 హెర్ట్జ్ జియోఫోన్ తన అంకె కంటే కిందకి వెళ్లే కొద్దీ మొద్దుబారుతుంది, 2 హెర్ట్జ్ దగ్గర ఐదో వంతే చూపిస్తుంది. లెక్కలో దాన్ని సరిదిద్దుకోవచ్చు, కానీ సరిదిద్దాలని తెలిసి ఉండాలి. దూరదేశాల్లో వచ్చే పెద్ద భూకంపాల తరంగాలు ఒక్కొక్కటి ఇరవై సెకన్ల పాటు సాగేవి ఉంటాయి. వాటికి బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్లే కావాలి. అవి లోపలి బరువును కదలనివ్వకుండా కరెంటుతో పట్టి ఉంచి, అలా పట్టడానికి ఎంత బలం పట్టిందో దాన్ని రాసుకుంటాయి.

కాబట్టి నిలువు జియోఫోన్ నేల మీదే పెట్టండి, గ్రౌండ్ ఫ్లోర్‌లో పిల్లర్ మొదట్లో, మెట్ల కింద అయితే మరీ మంచిది. టైల్ గుల్లగా మోగుతుంటే అక్కడ వద్దు. కొద్దిగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి అందులో కూర్చోబెట్టండి. సెన్సర్ నేలను పట్టుకోలేదంటే ఎంత ఖరీదైన పరికరం కొన్నా ఆ రికార్డుకి విలువ లేదు. మా పనిలో సగం టైము దీనికే పోతుంది. మట్టి నేలైతే తవ్వి పాతిపెట్టి, చుట్టూ మట్టి కూరి, బాణం గుర్తు పేలుడు వైపు తిప్పి, లెవెల్ చూసుకుని అప్పుడు లేస్తాం. ఊళ్లోవాళ్లు చుట్టూ మూగి "మా గోడ పగులుద్దా సారూ" అని అడుగుతారు. గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం గనికి చెందని మామూలు ఇళ్లకు 8 హెర్ట్జ్ లోపు అదురైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు హద్దు. ఫ్రీక్వెన్సీ పెరిగితే హద్దు కూడా పెరుగుతుంది. ఆ గోడ పక్కన కూర్చున్న మనిషికి నేను చెప్పే అంకె నిజమైనది కావాలి కదా, అందుకే పాతడం దగ్గర అంత పట్టింపు.

పిల్లలకు ఒకటి చూపించండి. జియోఫోన్ చేతిలో పట్టుకుని మెల్లగా ఊపితే లోపల చుట్ట ఆడుతున్నట్టు తెలుస్తుంది. రెండు కాళ్లనూ చిన్న వైరుతో కలిపేసి మళ్లీ ఊపమనండి. ఆట అణిగిపోతుంది. చుట్టలో పుట్టిన కరెంటే చుట్టకు బ్రేకు వేస్తోంది. లెంజ్ నియమం అరచేతిలో తెలుస్తుంది. మేం పరికరాలు బండిలో తీసుకెళ్లేటప్పుడు ఇలాగే కాళ్లు కలిపి ఉంచుతాం.

రైలు, భూకంపం తేడా గీత ఆకారంలోనే ఉంటుంది. రైలు కదురులాంటి గీత గీస్తుంది, మెల్లగా లావెక్కి మెల్లగా సన్నబడుతుంది. భూకంపం మొదలు ఒక్కసారిగా ఉంటుంది. ముందు పీ తరంగం, కాసేపటికి దానికంటే పెద్దగా ఎస్ తరంగం, తర్వాత చాలాసేపు తోక. ములుగు నుంచి విజయవాడకు దాదాపు 220 కిలోమీటర్లు. పీ తరంగం సెకనుకు 6 కిలోమీటర్లు, ఎస్ తరంగం 3.5 కిలోమీటర్లు అనుకుంటే, మొదటిది 37 సెకన్లకు, రెండోది 63 సెకన్లకు వస్తాయి. మధ్యలో 26 సెకన్లు. మీ గీత మీద ఈ తేడాను ఎనిమిదితో గుణిస్తే దూరం కిలోమీటర్లలో ఇంచుమించుగా తేలుతుంది. దిక్కు మాత్రం తేలదు, ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే కనీసం మూడు చోట్ల రికార్డులు, ఒకే గడియారం కావాలి. గడియారం ఒక్క సెకను తప్పితే ఆరు కిలోమీటర్లు తప్పినట్టే. అందుకే ప్రతి స్టేషన్‌లో జీపీఎస్ టైము ఉంటుంది.

క్వారీ పేలుళ్లు కూడా మీకు దొరకొచ్చు. అవి పగటిపూటే, దాదాపు ఒకే వేళకి వస్తాయి, ఎస్ తరంగం నీరసంగా ఉంటుంది. రాత్రి రెండు గంటలకు వచ్చిందంటే క్వారీ అని కొట్టిపారేయకండి. 2020 జనవరి 26 తెల్లవారకముందే పులిచింతల చుట్టుపక్కల ఊళ్లు కదిలాయి.

జవాబు: తాడేపల్లి, పైథాన్ కుర్రాడు

సార్ చెప్పిన దాంట్లో హార్డ్‌వేర్ అంతా వచ్చేసింది, ఫోను, సాఫ్ట్‌వేర్ నేను చెప్తాను మేడమ్.

మీ వారి ప్రశ్నలో న్యాయం ఉంది, డాబా మీద ఊపు చూడ్డానికి ఫోనే సరిపోవచ్చు. ఫైఫాక్స్ యాప్‌లో మూడు దిక్కుల త్వరణం వస్తుంది, అడ్డ దిక్కులు రెండూ అందులోనే. మంచం మీద కాకుండా నేల మీద పెట్టాలి. కానీ ఫోను సెన్సర్‌కి సొంత గోల ఎక్కువ, ఒంటికి తెలియని అదురు అందులో మునిగిపోతుంది. గూగుల్ మన దేశంలో 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన ఆండ్రాయిడ్ భూకంప హెచ్చరికలు ఈ సెన్సర్ల మీదే నడుస్తాయి. ఒక్క ఫోన్‌ని నమ్మదు, కదలకుండా ఉన్న ఫోన్లు ఒకే ప్రాంతంలో చాలా ఒకేసారి అదిరితేనే లెక్కలోకి తీసుకుంటుంది.

జియోఫోన్ డేటాకి ఆబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీ వాడండి, ఉచితం. ముందు స్పెక్ట్రోగ్రామ్ (ఏ టైములో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ) గీయండి. 5, 6 హెర్ట్జ్ దగ్గర కదలని గీత కనిపిస్తే అది సీలింగ్ ఫ్యాన్ కావచ్చు, నిమిషానికి 350 చుట్లంటే 5.8 హెర్ట్జ్. ఆపి చూడండి, గీత మాయమైతే దొంగ దొరికినట్టే. సెకనుకు 100 నమూనాలు తీస్తే అందులో సగం, అంటే 50 హెర్ట్జ్ లోపే సరిగ్గా కనిపిస్తుంది, 50 హెర్ట్జ్ కరెంటు గోల సరిగ్గా ఆ అంచు మీద పడి తికమక పెడుతుంది, 200 పెట్టుకోండి.

రాత్రంతా కూర్చుని చూడక్కర్లేదు. మైనస్ అంకెల్ని ప్లస్‌గా మార్చుకుని, గత ఒక సెకను అదురు సగటును గత ముప్పై సెకన్ల సగటుతో భాగించి, అది నాలుగు దాటితే దాచిపెట్టమనండి. స్టేషన్లలో ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతే ఇది. రైలు మెల్లగా పెరుగుతుంది కాబట్టి చాలావరకు దీనికి దొరకదు. పోల్చుకోవడానికి హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్న హెచ్‌వైబీ స్టేషన్ పాత రికార్డులు చూడండి. అది జియోస్కోప్ నెట్‌వర్క్‌లో భాగం, ఎవరైనా దించుకోవచ్చు.

జవాబు: బ్రాడీపేట పెద్దాయన

అమ్మా, నేను పరికరాల మనిషిని కాదు. 1969 ఏప్రిల్ 13 రాత్రి తొమ్మిది కావస్తుండగా భద్రాచలం భూకంపం వచ్చినప్పుడు నేను బడి పిల్లవాణ్ణి. మా ఇంట్లో అలమారలో ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి, దూలానికి వేలాడే ఉయ్యాల గొలుసు ఊగింది. అమ్మ మమ్మల్ని వీధిలోకి లాగేసింది.

మీ వాచ్‌మన్ గారి మాట కూడా కొలతే. ఏ అంతస్తు, కూర్చున్నారా నిలబడ్డారా, ఏది కదిలింది, ఏది కదల్లేదు అని మనుషుల్ని అడిగే ఊరూరా తీవ్రత మ్యాపులు గీస్తారు. అమెరికా యూఎస్‌జీఎస్ వెబ్‌సైట్‌లో ఇందుకు ఒక ఫారమే ఉంది, మన దేశంలో వచ్చిన వాటికీ నింపవచ్చు. ఏమీ తెలియలేదని చెప్పేవాళ్ల జవాబు కూడా తప్పకుండా రాయించండి. పిల్లలతో వీధి వీధీ తిరిగి అడిగిస్తే ఎంత బాగుంటుందో.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థ్యాంక్స్. డబ్బా మీద చూశాను, నిలువు రకమే. వైరుతో కాళ్లు కలిపే ప్రయోగం ఇవాళే చేయించాను, క్లాసంతా నాకు నాకు అని ఎగబడ్డారు. అడ్డ రకాలు రెండు తెప్పిస్తాను, కింద ఒకటి, డాబా మీద ఒకటి. పెద్దాయన గారి మాట కోసం మా వీధికి సరిపడా ప్రశ్నల కాగితం రాస్తున్నాను. ఒక్క సందేహం. మళ్లీ భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, అప్పటిదాకా పిల్లలకు పని చేసే పరికరమని నమ్మకం ఎలా కలిగించాలి?

జవాబు: గుంటూరు, బ్లాస్టింగ్ కొలతలు

కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లండి మేడమ్. నేల మీద ఇనప పలక పెట్టి సమ్మెటతో కొట్టించండి. జియోఫోన్ ముందు పది మీటర్ల దూరంలో, తర్వాత ఇరవై మీటర్ల దూరంలో పాతండి. దెబ్బ పడిన క్షణం తెలియాలి, అందుకు సమ్మెటకు ఒక వైరు, పలకకు ఒక వైరు కట్టి రెండూ తగలగానే సర్క్యూట్ మూసుకునేలా చేస్తే చాలు. రెండు దూరాల్లో తరంగం చేరిన టైముల తేడా తీస్తే ఆ మట్టిలో వేగం వస్తుంది. పునాదుల కోసం నేల పరీక్ష చేసేవాళ్ల పద్ధతే. పొడి మట్టిలో సెకనుకు కొన్ని వందల మీటర్లే వస్తుంది, రాతిలో కిలోమీటర్లలో ఉంటుంది. వాన పడ్డాక ఒకసారి, ఎండాకాలం నేల నెర్రెలు విచ్చినప్పుడు ఒకసారి చేసి పోల్చండి.

దీనికి మాత్రం సెకనుకు 200 నమూనాలు చాలవు. వెయ్యికి తగ్గకుండా పెట్టుకోండి, ఏడీఎస్ 1256 అయితే అంత వేగం ఇస్తుంది. ఏడీఎస్ 1115 ఎనిమిది వందల అరవై దగ్గరే ఆగిపోతుంది.