మధుపంబు వోవునే… మదనములకా, మరువములకా?

మిద్దెతోట, కడప:
ఉగాదికి మొదలుపెట్టిన కుట్టుపని సగంలో ఆగిపోయింది. గోడకు వేలాడదీసే గుడ్డ మీద పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి "మందార మకరంద" సీసపద్యం కుడుతున్నాను, పాదానికి ఒక గడి చొప్పున. మందారం తేనెలో తేలే తుమ్మెద వేరే పువ్వుకు పోదు, మందాకిని అలల్లో తూగే రాయంచ వేరే ఏళ్లకు పోదు, మామిడి చిగురు తిని చొక్కే కోయిల కుటజాలను చేరదు, పున్నమి వెన్నెల మరిగిన చకోరం మంచుకు పోదు, హరిపాదాలు తలిచే మనసూ అంతే అంటాడు. మొదటి గడిలో ఎర్రమందారం గొలుసుకుట్టుతో, దాని మీద తుమ్మెద నల్లదారంతో అయిపోయాయి. తుమ్మెద వద్దనుకున్న పువ్వు కూడా పక్కనే ఉండాలి కదా, అక్కడ చిక్కు వచ్చింది. మా జేజి ఈ పద్యం పాడేటప్పుడు "మధుపంబు వోవునే మరువములకు" అనేది. నా చెవిలో ఇప్పటికీ అదే ఉంది. పుస్తకం తీస్తే "మదనములకు" అని ఉంది, కింద ఉమ్మెత్త అని అర్థం ఇచ్చారు. మిద్దె మీద మరువం కుండీ ఎదురుగా పెట్టుకుని సూది పట్టుకున్నదాన్ని, ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు. జేజి పాఠానికి ఎక్కడైనా ఆధారం ఉందా?

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
మదనములకే. అనుమానం అక్కర్లేదమ్మా. అయితే మీ జేజి చదివిన దాంట్లో ఛందస్సు ఎక్కడా చెడలేదు, అది గమనించండి. మదన, మరువ రెండూ మూడేసి లఘువులే. మధుపంబుతో యతి కూడా రెండింటికీ సరిపోతుంది. గణమూ తప్పక, యతీ తప్పక మాట మారితే వినేవాళ్లు పట్టుకోలేరు. అలాంటి పాఠాలే నోటి నుంచి నోటికి నిలిచిపోతాయి. అర్థానికి వస్తే ఉమ్మెత్తే. అమరకోశంలో, అంటే ఆ పాత సంస్కృత నిఘంటువులో, ఉమ్మెత్త పేర్ల వరసలో "ఉన్మత్తః కితవో ధూర్తో ధత్తూరః కనకాహ్వయః, మాతులో మదనశ్చ" అని స్పష్టంగా ఉంది.

నల్లమల దారి, ఆత్మకూరు:
సార్, అదే అమరంలో, అదే వనౌషధి వర్గంలో "శల్యశ్చ మదనే" అని ఇంకో చోట ఉంది. అది ఉమ్మెత్త కాదు, మంగచెట్టు. ఆయుర్వేదం వాళ్లు వాంతి చేయించడానికి వాడే మదనఫలం ఈ మంగకాయే. మా వైపు కొండల్లో ఎండాకాలం మొదట్లో పూస్తుంది. ఒళ్లంతా ముళ్లు. పూలు తెల్లగా విచ్చుకుని వాడే లోపు పసుపుకు తిరుగుతాయి, వాసన బాగుంటుంది. కాయలు దంచి మడుగులో వేస్తే చేపలు తేలతాయని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు.

నా వాదన ఇది. మిగతా పాదాలు చూడండి. మందాకిని వదిలి తరంగిణులకు పోదు అన్నాడు, మురికికాలవకు పోదు అనలేదు. తరంగిణులూ మంచి నీళ్లే. కుటజం, అంటే కొడిసె, అదీ మంచి పువ్వే, దానికి గిరిమల్లిక అని పేరు. అంటే కవి చెడ్డదాన్ని తెచ్చి మంచిదాని పక్కన పెట్టడం లేదు. బాగున్నదాన్ని కూడా ఈ మనసు కోరదు అంటున్నాడు. ఒక్క మొదటి పాదంలోనే విషపు ఉమ్మెత్తను తెస్తే వరస తప్పుతుంది. వాసన గల మంగపువ్వు పెడితే నాలుగు పాదాలూ ఒకే తూకంలో నిలబడతాయి. పూలున్నప్పుడు ఆ చెట్టు కింద నిలబడితే తేనెటీగల రొద వినిపిస్తుంది. తుమ్మెదలు మామూలుగా వెళ్లే చెట్టు కాబట్టే "వోవునే" అనే ప్రశ్నకు బలం.

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
వాదన బాగుంది. కానీ మీరు సీసం చివర వచ్చే ఎత్తుగీతిని వదిలేశారు. "చింతనామృత పానవిశేషమత్త చిత్తము" దగ్గర ఆగండి. పద్యం మొత్తం చేరుకునేది ఆ "మత్త" దగ్గరికే. తేలు, తూగు, చొక్కు, అన్నీ మత్తెక్కిన స్థితిని చెప్పే క్రియలే. ఉమ్మెత్తకు ఉన్మత్తమని పేరు. అది ఇచ్చేదీ మత్తే, కానీ పిచ్చి మత్తు. మకరందం మత్తులో ఉన్న తుమ్మెద ఉన్మత్తానికి ఎందుకు పోతుంది? మదనం అన్న మాటలో మదం ఉంది, మన్మథుడూ ఉన్నాడు. విషయసుఖాల మత్తు వద్దన్న పిల్లవాడి నోట ఆ మాట పెట్టడం పోతనగారికే తెలుసు. మంగచెట్టు అంటే ఈ ధ్వని, మాట వెనక స్ఫురించే అర్థం, అంతా పోతుంది.

నల్లమల దారి, ఆత్మకూరు:
ధ్వని ఎక్కడికీ పోదు సార్. మంగ అని అర్థం చెప్పినా పద్యంలో మాట మదనమే కదా. మదం, మన్మథుడు ఆ మాటలోనే ఉన్నారు, చెట్టులో కాదు.

అనంత పాఠకుడు, అనంతపురం:
ఇద్దరూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయారు. నాకు ఎప్పటి నుంచో మనసులో ఉన్నది మూడో పాదం. కోయిల వద్దనడానికి ప్రపంచంలో ఇన్ని చెట్లుండగా కుటజమే ఎందుకు? కో–కు యతి కోసం అని తేల్చేయకండి, యతికి సరిపోయే చెట్లకు కొదవ లేదు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఆషాఢంలో మేఘానికి అర్ఘ్యమిచ్చింది కుటజ కుసుమాలతో. అంటే కావ్యాల్లో కుటజం వానాకాలపు పువ్వు. మామిడి చిగురు వసంతం. వసంతపు కోయిల తన కాలం వదిలి వానాకాలానికి పోదు అని లోపలి అర్థం. నాలుగో పాదంలో పున్నమి వెన్నెలకు మంచును పోటీ పెట్టాడు, అక్కడా కాలమే మారుతోంది.

మిద్దెతోట, కడప:
అన్నా, ఇది చాలా బాగుంది. మూడో గడికి పనికొస్తుంది. కోయిల వెనక ఆకాశం ఒకవైపు ఎండగా, ఇంకోవైపు మబ్బుగా కుట్టొచ్చు. కానీ కొడిసెచెట్టు మా తమ్ముడి ఊళ్లో వానలు రాకముందే, వైశాఖంలోనే పూయడం చూశాను.

అనంత పాఠకుడు, అనంతపురం:
పూస్తుందక్కా. నేను చెప్పింది కావ్యాల లెక్క. కోయిల మామిడి చిగురు తింటుందన్నది కూడా కవిసమయమే, కవులు తరతరాలుగా వాడుకునే ఊహే. మా వీధిలో కోయిలలు రావిపళ్లు, వేపపళ్లు తింటాయి, చిగురు జోలికి పోవు. చకోరం వెన్నెల తాగడమూ అంతే. ఈ పద్యంలో కళ్లతో చూసిన ప్రకృతి ఎంత, చదివి తెచ్చుకున్న ప్రకృతి ఎంత అనేది వేరుగా రాయాల్సిన విషయం.

ఒంటిమిట్ట దగ్గరివాడు:
"కోయిల సేరునే" అన్న చోట ఎవరూ ఆగలేదు. చేరునే అనకుండా సేరునే అన్నాడు. పోతన మా సీమవాడు అనడానికి నాకు ఈ ఒక్క అక్షరం చాలు. ఈ నేల మీద పుట్టినవాడి నోటికి వచ్చే పలుకుబడి అది. పోతన ఊరుగా చెప్పే ఏకశిలానగరం అంటే ఓరుగల్లు అని ఆ వైపు వాళ్లంటారు. మా కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు, ఆ పేరు మా ఊరికి ఎలా వచ్చిందో వేరే చెప్పాలా?

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
నాయనా, ఒంటిమిట్ట అంటే నాకూ ప్రాణమే. చైత్రంలో పున్నమి వెన్నెల్లో జరిగే రాములవారి కల్యాణానికి ఓపిక ఉన్నంత కాలం వెళ్లాను. వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తి ఆ గుడిని నిలబెట్టిన కథ మా నాన్న చెబితే విన్నాను. కానీ సేరునే అన్నది సీమ యాస కాదు. అది గసడదవాదేశం, అంటే మాట మొదటి క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడం. "ప్రథమము మీఁది పరుషములకు గసడదవలు బహుళంబుగా నగు" అని మన తెలుగు వ్యాకరణ గ్రంథం బాలవ్యాకరణంలో ఉంది. మధుపంబు వోవునే అన్నదీ అదే సూత్రం. దాన్ని పట్టుకుని సీమవాడంటే, గోదావరి ఒడ్డున భారతం రాసిన నన్నయను కూడా మన జిల్లాకు తీసుకురావాల్సి వస్తుంది.

ఒంటిమిట్ట దగ్గరివాడు:
సూత్రం ఒప్పుకుంటాను సార్. కానీ "బహుళంబుగా" అన్నారు కదా. అంటే చేస్తే చెయ్యొచ్చు, మానేస్తే మానొచ్చు. వోవునే అన్నాడు, సేరునే అన్నాడు. రెండో పాదంలో మాత్రం "రాయంచ చనునె" అని చకారం అలాగే ఉంచాడు. ఎక్కడ మార్చాలి, ఎక్కడ ఉంచాలి అని చెవి నిర్ణయిస్తుంది. ఆ చెవి ఏ ఊరిదని నేను అడుగుతున్నాను.

అనంత పాఠకుడు, అనంతపురం:
మా ఇంట్లో ప్రతిలో "రాయంచ సనునె" అని ఉంది.

ఒంటిమిట్ట దగ్గరివాడు:
మా ప్రతిలో "చనునె" అనే ఉంది. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నదీ అదే.

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
రెండు పాఠాలూ అచ్చులో ఉన్నాయి. నేను "చనునె" వైపు. సనునె అంటే ముందున్న రాయంచ మెత్తదనం, ఈ సకారం కలిసి నడక మరీ జారిపోతుంది. చకారం దగ్గర హంస ఒక్క క్షణం ఆగి ఆలోచించినట్టు ఉంటుంది. ఇది వ్యాకరణం కాదు, పద్యం గొంతెత్తి చదివినవాడి అనుభవం.

ఇంకో మాట. ఈ సీసం మూలంలో లేదు. ముందు పద్యంలో ఉన్న ఇనుము, అయస్కాంతం పోలిక సంస్కృత భాగవతంలో ఉన్నదే. దాన్ని తెలుగు చేశాక పోతనగారికి తనివి తీరలేదు. ఇనుము అయస్కాంతం వైపు పోవడంలో ఇష్టం లేదు, లాగితే పోతుంది. తుమ్మెద, హంస, కోయిల, చకోరం ప్రాణమున్నవి. వాటికి రుచి తెలుసు, ఎంచుకుంటాయి. భక్తి అంటే లాక్కోబడటం ఒక్కటే కాదు, రుచి మరిగి ఎంచుకోవడం కూడా అని చెప్పడానికే ఆయన ఇంకో పద్యం అందుకున్నాడు. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ కళ్లు చెమరుస్తాయి.

తెలుగు ఎం.ఏ., కడప:
నమస్కారం అందరికీ. మిద్దెతోట అక్క అడిగిన మరువం సంగతి పక్కకు పోయింది. నల్లమల దారి అన్న చెప్పిన ఆ అమరశ్లోకాన్నే మొదటి నుంచి చదవండి. "పిండీతకో మరుబకః శ్వసనః కరహాటకః, శల్యశ్చ మదనే". అంటే మదనవృక్షానికి ఉన్న పేర్లలో మరుబకం ఒకటి. మరుబకమే మరువకం. మనం పూలమాలలో కట్టే మరువానికీ అమరంలో అదే పేరు, "సమీరణో మరుబకః" అని. మదనం, మరువకం ఒక చెట్టుకు రెండు పేర్లయినప్పుడు, అమరం వల్లెవేసిన వాళ్లెవరో మదనములకు బదులు మరువములకు అని పాడి ఉండొచ్చు. అక్క వాళ్ల జేజి పాఠం వెనక ఒక చదువుకున్న నోరు ఉండొచ్చని నా ఊహ.

ఇంకొకటి. వినాయక చవితి పత్రిలో దత్తూరపత్రమూ (ఉమ్మెత్త ఆకు) ఉంది, మరువకపత్రమూ ఉంది. ఇంట్లో ఏటా ఆ రెండు పేర్లూ ఒకే పూజలో వినే ఆడవాళ్లకు ఒకటి తలుచుకుంటే ఇంకొకటి నోటికి రావడం సహజం.

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
అమ్మాయీ, శ్లోకం సరిగ్గా పట్టుకున్నావు, సంతోషం. ఆ వరుస నాకూ కంఠస్థమే, కానీ ఉమ్మెత్త మీద మనసు పెట్టినవాణ్ని కాబట్టి ఇక్కడ రాయలేదు. అయినా పోతనగారు మరువం అని రాసి ఉండరు. మరువంలో వాసన అంతా ఆకులోనే. తేనె తాగే మధుపాన్ని పిలిచి ఆకు చూపిస్తే పోలిక కుదరదు.

మిద్దెతోట, కడప:
సార్, ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. మరువం పూస్తుంది. పూలు చిన్నవి, తెల్లగా ఉంటాయి. మనం కొసలు తుంచుకుంటూ ఉంటాం కాబట్టి చాలా ఇళ్లలో పూత దాకా రాదు. తుంచకుండా వదిలేసిన కుండీ మీద చిన్న తేనెటీగలు వాలతాయి. కడప ఎండకు షేడ్ నెట్ కింద పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లి కాపాడుకుంటున్నా కాబట్టి దాని సంగతి నాకు తెలుసు. ఉమ్మెత్త కూడా చూశాను. పొద్దు గూకేటప్పుడు విచ్చుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి వాడుతుంది. తెల్లారి చూస్తే పుప్పొడి కోసం ఈగలు దాని గొట్టంలోకి దూరుతూనే ఉంటాయి. పోతాయా పోవా అని ఈగను అడిగితే మూడింటికీ పోతుంది. కాబట్టి ఆ దారిన తేలేది కాదు.

నల్లమల దారి, ఆత్మకూరు:
బాగా చెప్పావక్కా. ఈ వారం కొండకు పోతున్నాను, మంగపూల ఫొటో పెడతాను. ఒకే కొమ్మ మీద తెలుపూ పసుపూ రెండూ ఉంటాయి. కుట్టుకు అంత అందమైన పువ్వు దొరకదు.

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
ఫొటో అందంగా ఉంటుంది, కాదనను. ఉమ్మెత్తకు మాత్రం ఫొటో అక్కర్లేదు, మా ఇంటి వెనక ఖాళీ స్థలంలోనే ఉంది.

అనంత పాఠకుడు, అనంతపురం:
అందరూ మదనం వెంట పడ్డారు, అసలు మందారమే పెరటి ఎర్రమందారం కాదు కదా! రెండో పాదంలో ఉన్నది ఆకాశగంగ. మొదటి పాదంలోదీ ఇంద్రుడి తోటలో ఉన్న దేవతరువే అయి ఉండాలి. భూమ్మీద వెతికితే అమరం మందారమని చెప్పింది పారిభద్రాన్ని, అంటే బాడిదచెట్టు. ఈ కాలంలోనే ఆకులన్నీ రాల్చి మోడు మీద ఎర్రగా పూస్తుంది. జిల్లేడుకూ మందారమన్న పేరుంది. మీ మొదటి గడి ఇంకోసారి చూసుకోండక్కా.

మిద్దెతోట, కడప:
మొదటి గడి విప్పను అన్నా. మా జేజి పెరట్లో ఉన్నది ఎర్రమందారమే, ఆమె పద్యం పాడుతూ చూపించింది దాన్నే. ఇంద్రుడి తోట పువ్వు రంగు చూసినవాళ్లు ఎవరున్నారు? మదనం చోటు మాత్రం ప్రస్తుతానికి ఖాళీగా ఉంచి రెండో గడి మొదలుపెడుతున్నాను. రాయంచకు తెల్లదారం సరే, కాళ్లు ఎరుపు అని ఎక్కడో చదివిన గుర్తు. ముక్కు కూడా ఎరుపేనా?

తెలుగు ఎం.ఏ., కడప:
రెండూ ఎరుపే అక్కా. "రాజహంసాస్తు తే చంచుచరణైర్లోహితైః సితాః".

పద్యప్రియుడు, ప్రొద్దుటూరు:
లోహితం అంటే నెత్తుటి ఎరుపు. నారింజ దారం వాడకండి.

ఒంటిమిట్ట దగ్గరివాడు:
నారింజే సరి అంటాను సార్. బడి పుస్తకాల బొమ్మల్లో హంసలన్నిటికీ నారింజ ముక్కే ఉండేది. "చనునె" సంగతి కూడా ఇంకా తేలలేదు, రేపు పాత ప్రతి తెచ్చి ఆ పుట ఫొటో పెడతాను.